నమిలే చప్పుడు

ఆ రేకుల షెడ్డులో మనుషుల మాట ఎవరూ వినిపించుకోకపోయినా ఫరవాలేదు, రొయ్యల మాట మాత్రం వినాలి. కంపెనీ పెట్టిందే అందుకు. కంపెనీ అనగానే అద్దాల మేడ ఊహించుకోకండి. ఒకప్పుడు లారీలు బాగుచేసిన షెడ్డు అది. నేలమీద ఆయిల్ మరకలు ఎంత కడిగినా పోలేదు. దాన్ని అద్దెకు తీసుకుని, నాలుగు గుండ్రటి నీలం తొట్లు దింపి, ఉప్పునీళ్ళు నింపి, రొయ్యపిల్లల్ని వదిలి, గేటుకు బోర్డు తగిలించారు. ఉన్నది ముగ్గురే మనుషులు: పిట్ట, పిట్ట మొగుడు, పిట్ట మేనత్త.

పిట్ట అసలు పేరు బ్యాంకు వాళ్ళకూ ప్రభుత్వం వాళ్ళకూ మాత్రమే తెలుసు. చిన్నప్పుడు కంచంలో నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది కాబట్టి మేనత్త ఆ పేరు పెట్టింది. పిల్ల ఇంజనీరయినా, పెళ్ళయినా, ఒక కంపెనీకి యజమానురాలయినా ఆ పేరు ఊడలేదు. మేనత్త సంగతీ అంతే. ఉద్యోగమంతా పెద్దాసుపత్రి వార్డులో నర్సుగా చేసి రిటైరయింది కాబట్టి వీధి వీధంతటికీ ఆవిడ నర్సత్త. పాలవాడికి కూడా నర్సత్తే. ఇక పిట్ట మొగుణ్ణి నర్సత్త అల్లుడని పిలుస్తుంది. తీగలు అతికించడం, పెట్టెలు బిగించడం అతని పని. పనిలో ఉన్నప్పుడు స్క్రూలు పళ్ళ మధ్య పట్టుకునే అలవాటు వల్ల అతను మాట్లాడటం తక్కువ. అతను ఎప్పుడూ పనిలోనే ఉంటాడు.

పిట్ట అమ్మానాన్నలు, అంటే నర్సత్త మరదలూ తమ్ముడూ, ఇద్దరూ రైళ్ళలో ఉద్యోగాలు చేసేవాళ్ళు. ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కేవాళ్ళు. అందుకని పిట్ట పెరిగిందంతా మేనత్త దగ్గరే. మేనత్తకేమో పగలు డ్యూటీ. పిల్ల తింటుందో లేదో అని ఆవిడకు వార్డులో కాలు నిలిచేది కాదు. పిల్లకు బడి లేని సెలవురోజుల్లో మధ్యాహ్నం కాగానే వార్డు ఫోనునుంచి ఇంటికి ఫోను చేసేది. పిల్ల రిసీవరు చెంపకు ఆనించుకుని తినాలి, ఈవిడ అటునుంచి నమిలే చప్పుడు వినాలి. వినబడితేనే పెట్టేసేది. పిట్ట తక్కువదా? కంచం పక్కకు నెట్టేసి కీరా ముక్క కరకరా నమిలి మోసం చెయ్యబోయేది. "అది కీరా. ముందు ముద్ద తిను" అనేది అటునుంచి గొంతు. ఒక్కసారి కూడా పొరబడలేదు.

అవన్నీ పాత సంగతులు. ఇప్పుడు ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. సాగులోనో, చేపల రొయ్యల పెంపకంలోనో, యంత్రాల్లోనో కొత్త ఆలోచన ఉన్న చిన్న కంపెనీలకు పరిశోధన కోసం నిధులిస్తుంది. మొదటి దశలో ఆలోచన పనిచేస్తుందని చిన్న ఎత్తున చూపించాలి. అధికారి వచ్చి చూసి సరే అంటే రెండో దశ. అప్పుడు నిజం చెరువుల దగ్గరికి వెళ్ళి రైతుల మధ్య చేసి చూపించాలి. పిట్ట ఆలోచన ఇదీ: రొయ్య గుళిక మేతను కొరికినప్పుడు నీళ్ళలో టిక్కుమని సన్నటి చప్పుడవుతుంది. నీళ్ళలోకి ఒక మైకు దింపితే ఆ చప్పుడు వినవచ్చు. మేత వేళకు ఆ మైకుకు కలిపిన పెట్టె కాస్త మేత వదిలి, చెవి పెట్టి వింటుంది. నమలడం జోరుగా ఉంటే ఇంకాస్త వదులుతుంది, మందగిస్తే ఆపేస్తుంది. రైతు గుడ్డిగా వేసే మేతలో కొంత అడుగుకు చేరి కుళ్ళి నీళ్ళు పాడుచేస్తుంది, ఆ తర్వాత రొయ్యలకు రోగాలు. ఆకలి ఉన్నంతే వేస్తే మేతా మిగులుతుంది, చెరువూ బాగుంటుంది.

నిజమో కాదో తేలాలి కదా. అందుకని ఎడమవైపు రెండు తొట్లకు మామూలు పద్ధతిలో గిన్నెతో కొలిచి చేత్తో మేత వేస్తారు. ఆ పని నర్సత్తది. కుడివైపు రెండు తొట్లకు పెట్టె వేస్తుంది. మైకులు మాత్రం నాలుగు తొట్లలోనూ ఉంటాయి, రోజంతా వింటూనే ఉంటాయి. "కుడివైపు వాటి జోలికి మాత్రం వెళ్ళకు అత్తా, నీకు పుణ్యముంటుంది" అని పిట్ట మొదటిరోజే చేతులు పట్టుకుని చెప్పింది. నర్సత్త సరేనంది. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అంది.

కానీ పెట్టెకు జాలి ఉండదు కదా. రొయ్యలు పొట్టు విడిచే రోజుల్లో సరిగా తినవు. అలాంటి రోజు పెట్టె రెండుసార్లు మేత రాల్చి, చప్పుడు లేకపోయేసరికి మూతి బిగించుకుని ఊరుకుంది. నర్సత్త తొట్టి అంచు పట్టుకుని లోపలికి చూసింది. మెత్తబడిన ఒంటితో అవన్నీ అడుగున మూలలకు చేరి ఉన్నాయి. ఉద్యోగమంతా ఆవిడ చేసిందేమిటి? ఆకలి లేదన్నవాళ్ళ పక్కన కూర్చుని, కథలు చెప్పి, కసిరి, బుజ్జగించి, ఎలాగోలా నాలుగు ముద్దలు లోపలికి పంపడమే కదా. తినను అన్నాడని పళ్ళెం తీసేసే నర్సు ఒక నర్సేనా?

సరే, మేత సంచీలోంచి తీస్తే లెక్క తేడా వస్తుందని ఆవిడకూ తెలుసు. అందుకని వార్డులో చేసిన పనే ఇక్కడా చేసింది. అక్కడ తినలేనివాళ్ళ పళ్ళెంలో మిగిలేది ముందే కాస్త తీసి, ఆకలి తీరనివాళ్ళ పళ్ళెంలో వేసేది. ఇక్కడ ఎడమ తొట్ల గిన్నెలోంచి పిడికెడు మిగిల్చి కుడి తొట్లలో చల్లింది. పెట్టె తీర్పుమీద ఇక ఆవిడకు నమ్మకం కుదరలేదు. మధ్యాహ్నం ముగ్గురూ వెనకవీధిలోని ఇంటికి వెళ్ళి భోంచేశాక, రేకుల వేడి తగ్గేదాకా పిట్ట ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చునేది. మేనత్త కునుకు తీస్తోందని అనుకునేది. మేనత్త పెరటి తలుపు తీసుకుని షెడ్డుకు వచ్చేది. "తినండమ్మా, తినండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు" అని తొట్టి అంచుమీదకు వంగి చెప్పేది. ఆవిడ చేతికి ఎముక లేదని వీధిలో అందరూ అనేదే. అది రొయ్యల దాకా వచ్చిందని మాత్రం ఎవరికీ తెలియదు.

రేపు అధికారి వస్తుందనగా ముందురోజు, పిట్ట తన ఉపన్యాసం ఒకసారి అప్పజెప్పాలనుకుంది. నర్సత్తను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది.

"నువ్వే ఆఫీసరువి. కాస్త సీరియస్‌గా చూడు అత్తా."

"నాకు చేతకాదే."

"జ్వరంతో ఉన్నవాడు బాత్రూములో సిగరెట్టు కాలుస్తూ దొరికితే ఎలా చూస్తావు? అలా చూడు."

అది వచ్చు కాబట్టి నర్సత్త అలాగే చూసింది. పిట్ట నవ్వాపుకుని గోడకు అంటించిన, నమిలే చప్పుళ్ళ గీతలున్న పెద్ద కాగితం ముందు నిలబడింది. కుడి తొట్లలో రొయ్యలు ఎడమ తొట్ల వాటికంటే లావుగా, బరువుగా ఉన్నాయని చెప్పింది. అయిన మేత మాత్రం తక్కువని చెప్పింది. చెబుతుంటే ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. నర్సత్త సీరియస్‌గా ఉండటం మానేసి మురిసిపోసాగింది.

"ఇప్పుడు అసలు విశేషం. ఇటు చూడు అత్తా. ఇవి కుడి తొట్లు. ఉదయం ఒక గుట్ట, సాయంత్రం ఒక గుట్ట. అవి మేత వేళలు, తెలిసిందే. మధ్యలో ఈ చిన్న గుట్ట చూశావా? ఇది మధ్యాహ్నం. అప్పుడు పెట్టె ఒక్క గుళిక కూడా వదలదు. అయినా నమలడం వినిపిస్తోంది!"

నర్సత్త మురిపెం అక్కడికక్కడే ఆగిపోయింది. "మధ్యాహ్నం... ఎప్పుడే?"

"మనం భోంచేశాక. షెడ్డులో ఎవ్వరూ ఉండని టైములో. మరి ఏం తింటున్నట్టు? చెప్పుకో చూద్దాం."

"ఏం తింటున్నాయి?" అంది నర్సత్త.

"పాచి! ఎండ పడ్డాక తొట్టి గోడలకు సన్నటి పాచి పడుతుంది. దాన్ని గీక్కుని తింటున్నాయి. మరి ఎడమ తొట్లలో ఈ గుట్ట ఎందుకు లేదంటావేమో. అక్కడ అన్నీ చేతికందుతాయి కదా, బద్ధకం. పెట్టెతో పెరిగిన రొయ్య చురుగ్గా వెతుక్కుంటుంది. దీనికి మధ్యాహ్నపు మేత అని పేరు కూడా పెట్టాను. రిపోర్టులో ఒక పేజీ దీనికే."

చదువుకున్న బుర్ర ముచ్చటపడితే ఎంత దూరమైనా వెళ్ళిపోతుంది. నర్సత్త మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. తన గుప్పెడు గుట్టయి గోడెక్కి కూర్చుంది. అంతటితో అయితే బాగుండును. ఎడమవాటి నోటి దగ్గరిది తీసి కుడివాటికి పెట్టింది తనే కాబట్టి, ఇవి చిక్కడం, అవి లావెక్కడం కూడా తన చలవే. పెట్టె గొప్ప కాదు.

షెడ్డు తలుపులు మూస్తున్నంతసేపూ ఆవిడ మనసు మనసులో లేదు. రెండో దశ వస్తే ఈ పెట్టెలు చెరువు గట్లమీదికి వెళతాయి. అక్కడ జాలిపడి పిడికెడు విసిరే మేనత్త ఉండదు. పిట్టను నమ్మిన రైతు రొయ్యలు ఎదగక లబోదిబోమంటే పిట్ట మళ్ళీ తలెత్తుకోలేదు. అలాగని నిజం చెబితే రేపటితో రెండో దశ మాట ఉండదు. షెడ్డు ఖాళీ చేసి, ఇద్దరూ మళ్ళీ ఎవరి దగ్గరో ఉద్యోగాలు వెతుక్కోవాలి. వార్డులో కొత్త నర్సులు ఇచ్చిన మందు చార్టులో రాయకపోతే ఆవిడ వాళ్ళను ఏడిపించి వదిలిపెట్టేది. మంచం మీదున్న మనిషి ప్రాణం ఆ కాగితం మీద ఉంటుందనేది. ఇప్పుడు ఆ మాటలన్నీ తిరిగొచ్చి ఆవిడ చుట్టూ కూర్చున్నాయి.

చెప్పేద్దామనే ఇంటికి వచ్చింది. వడ్డిస్తూ "ఒసే పిట్టా" అని మొదలుపెట్టింది కూడా. పిట్ట నోటినిండా ముద్ద పెట్టుకుని "ఊఁ?" అంది. కంచం వంక చూస్తే సగం ఖాళీ. ఏదైనా పెద్ద పని తలమీద ఉంటే మంచినీళ్ళు కూడా గొంతు దిగని పిల్ల, ఈ పూట మారు అడిగి వేయించుకుంటోంది. "ఇంకొంచెం వెయ్యి అత్తా" అంది. ఆ మాట వినడానికే నర్సత్త ఎన్నో ఏళ్ళు ఎదురుచూసింది. చెప్పాలనుకున్నది పక్కన పెట్టి వేసింది. తినేదాకా చూసింది. పొద్దున చెబుదామనుకుంది.

పొద్దున లేచేసరికి పిట్ట లేదు. అధికారికి వినిపించడానికి మంచి శబ్దం ఏరుకోవాలని పెందలాడే షెడ్డుకు వెళ్ళిందట. తిరిగి వచ్చాక కంచం ముందు కూర్చుంది గానీ ఒక్క మెతుకు ముట్టలేదు. మేనత్త మొహం వంక చూసి, ఏదో అనబోయి, ఊరుకుంది. పరీక్ష భయమనుకుంది నర్సత్త. ఇక ఇప్పుడేం చెబుతుంది? భయంలో ఉన్న పిల్ల నెత్తిమీద ఇది కూడా పడేస్తే గుండె ఆగదూ?

అధికారి వచ్చింది. పొట్టిగా, సన్నగా, పెద్ద కళ్ళద్దాలతో ఉంది. తన రబ్బరు బూట్లు తనే సంచీలో తెచ్చుకుంది. మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దంది. తొట్లలో చెయ్యి పెట్టి చూసింది, నీళ్ళు వాసన చూసింది, రెండువైపులా రొయ్యల్ని వలతో తీయించి తూయించింది. మొహంలో మెచ్చుకోలు లేదు, విసుగు లేదు. జ్వరగాడి సిగరెట్టు చూపు అవసరమే లేదు, ఈవిడది పుట్టుకతో వచ్చిన చూపు.

"చాలా తేడా ఉంది. ఇంత తేడా నేను అనుకోలేదు" అంది కుడి తొట్లను చూసి. "కారణం చెప్పండి."

పిట్ట గోడమీది కాగితం దగ్గరికి వెళ్ళింది. నర్సత్త కుర్చీలోంచి చూస్తోంది. పిట్ట చెయ్యి ఆ మధ్య గుట్టమీద ఆగింది.

"కారణం ఇది మేడమ్. కుడి తొట్లలో లెక్కలో లేని మేత పడింది. సంచీ లెక్క సరిపోయింది కాబట్టి, ఎడమ తొట్లకు వెళ్ళాల్సింది తగ్గింది. నాకు ఈ పొద్దునే తెలిసింది. పెరుగుదల లెక్కలు నమ్మడానికి లేదు. రిపోర్టులో ఆ భాగం వెనక్కి తీసుకుంటున్నాను."

అల్లుడి పళ్ళ మధ్య ఉన్న స్క్రూ కింద పడింది.

"ఎవరు వేశారు?" అంది అధికారి.

"నేనే" అంది పిట్ట.

నర్సత్త కుర్చీలోంచి లేచిన వేగానికి ఆ కుర్చీ వెనక్కి పడింది. "అబద్ధమమ్మా! ఇది పుట్టి బుద్ధెరిగాక ఒకరి కంచం వంక చూసిందీ లేదు, తన కంచంలోది తిన్నదీ లేదు. దీనికి రొయ్యల ఆకలి ఏం తెలుస్తుంది? నేను వేశాను. రోజూ మధ్యాహ్నం పెరటి దారిన వచ్చి వేశాను. దీనికేమీ తెలియదు. శిక్ష ఏదైనా ఉంటే నాకు వెయ్యండి."

"అత్తా, నువ్వు కూర్చో."

"నువ్వు నోరు ముయ్యి."

"నాకు తెలుసు అత్తా" అంది పిట్ట మెల్లగా. "పొద్దున విన్నాను."

ఇన్నాళ్ళూ పెట్టె వేసిన గీతలు చూడటమే గానీ మధ్యాహ్నపు శబ్దాన్ని చెవులారా ఎవరూ వినలేదు. పిట్ట బల్లమీది స్పీకరు నొక్కింది. ముందు నీళ్ళ గుసగుస. తర్వాత చెప్పుల చప్పుడు, తొట్టి అంచుమీద గాజుల టింగు. ఆ తర్వాత నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు బొంగురుగా, దూరంగా, అయినా స్పష్టంగా: తినండమ్మా, తినండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. వెంటనే టిక్కు టిక్కుమంటూ వందల చిన్న నోళ్ళు.

నర్సత్త చెంగుతో మొహం దాచుకుంది. ఆవిడ సిగ్గుపడటం పిట్ట ఎప్పుడూ చూడలేదు.

అధికారి మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "కూర్చోండమ్మా. ఒకటి అడుగుతాను, సరిగ్గా చెప్పాలి. రోజూ వేశారా? మానేసిన రోజులున్నాయా?"

నర్సత్తకు ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి ప్రశ్నలు ఆవిడకు కొట్టిన పిండి. డాక్టరు రౌండుకు వస్తే రోగి సంగతి చెప్పినట్టు చెప్పుకుపోయింది. వాన గట్టిగా కురిసిన రోజు రాలేదు. మోకాలు పట్టేసినప్పుడు వరసగా కొన్ని రోజులు రాలేదు. పాలవాడి భార్యకు కట్టు కట్టడానికి వెళ్ళిన రోజు ఆలస్యంగా, పొద్దు వాలుతుండగా వేసింది. ఒకరోజు కుడిచివరి తొట్టి మరీ నీరసంగా కనిపిస్తే దానికి రెండు పిడికిళ్ళు, పక్కదానికి ఏమీ లేదు.

ఆవిడ చెబుతుంటే అధికారి గీతల కాగితాలు ఒక్కొక్కటే తిరగేసింది. వాన రోజు గుట్ట లేదు. మోకాలి రోజుల్లో లేదు. కట్టు రోజు గుట్ట పొద్దు వాలే వేళకు జరిగింది. రెండు పిడికిళ్ళ రోజు ఒక తొట్టిలో గుట్ట రెట్టింపుంది, పక్కదానిలో నేల చదును. అధికారి వంగి వంగి చూస్తోంది. ఆవిడ మెడ మెల్లమెల్లగా కాగితాల్లోకి సాగుతోంది.

"ఇక్కడ మాత్రం కుదరలేదు" అంది ఒకచోట వేలు పెట్టి. "ఈరోజు గుట్ట ఉంది. మీరు వచ్చినట్టు చెప్పలేదు."

నర్సత్త తారీఖు చూసింది. "ఆరోజు నేను కంటి ఆసుపత్రిలో ఉన్నాను. కళ్ళలో మందు వేసి పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. నేను వెయ్యలేదు."

"బాగా ఆలోచించుకోండి."

"ఆలోచించేదేముంది? కళ్ళే కనపడని రోజు రొయ్యలకేం పెడతాను? మీ పెట్టే పొరబడింది."

పిట్ట మొహం పాలిపోయింది. మేనత్త వేసిందంతా పెట్టె పట్టుకుంటోందని ఇప్పుడిప్పుడే ఆ పిల్లకు ఆశ పుడుతోంది. ఈ ఒక్కచోట లేని చప్పుడును పెట్టె విన్నదంటే, మిగతాచోట్ల విన్నదానికి విలువేముంది?

అప్పుడు అల్లుడు గొంతు సవరించుకున్నాడు. పెళ్ళయ్యాక పదిమందిలో అతను గొంతు సవరించుకోవడం అదే మొదటిసారి.

"ఆరోజు నేను వేశాను."

ముగ్గురు ఆడవాళ్ళూ ఒకేసారి తిరిగారు.

"అత్తయ్య రోజూ ఎడమ గిన్నెలోంచి తీసి కుడివైపు వెయ్యడం, పెరట్లో పెట్టెలు బిగిస్తూ షెడ్డు కిటికీలోంచి చూసేవాణ్ణి. అదే పద్ధతేమో అనుకున్నాను. ఆరోజు ఎడమవాటికి మేత వెయ్యమని అత్తయ్య నాకు అప్పజెప్పి వెళ్ళారు. ఒక్కరోజు తప్పితే పరిశోధన పాడవుతుందని ఇది కూడా వేశాను."

"పాడవుతుందని వేశావా?" అంది పిట్ట. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

ముందు ఒక వింత చప్పుడు వచ్చింది. గాలి పంపు పాడయిందేమోనని అల్లుడు అటు చూశాడు కూడా. అది అధికారి నవ్వు. ఎప్పుడూ వాడని వస్తువులా ఉంది గానీ, ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. ఆవిడ కళ్ళద్దాలు తీసి కళ్ళు ఒత్తుకుని, బల్లమీద చెయ్యి ఆనించుకుని నిలదొక్కుకుంది.

"చూడండమ్మాయి" అంది చివరికి, మళ్ళీ మామూలు మొహం తెచ్చుకుని. "మీ పెట్టె మేత మిగులుస్తుందని నిరూపణ కాలేదు. ఆ లెక్కలన్నీ చెత్తబుట్టకే. ఈ ఏడాది రెండో దశకు నేను సిఫారసు చెయ్యలేను. అందులో మొహమాటం లేదు."

"అలాగే మేడమ్" అంది పిట్ట.

"కానీ మీ పెట్టెకు ఎవరూ చెప్పకుండా, మీకు కూడా తెలియకుండా, దొంగతనంగా పడ్డ ప్రతి పిడికెడూ అది విన్నది. ఎప్పుడు పడిందో, ఎంత పడిందో కూడా విన్నది. మీ ఆయన వేసింది కూడా విన్నది. ఇలాంటి పరీక్ష కావాలని పెట్టినా ఇంత బాగా కుదరదు. చెవి బాగుంది. అది రాస్తాను. కొత్తగా డబ్బేమీ రాదు, గడువు మాత్రం పెంచమని అడుగుతాను. మళ్ళీ మొదటినుంచి చెయ్యండి. ఈసారి ఆ పెరటి తలుపుకు తాళం వెయ్యండి."

నర్సత్త అప్పటికప్పుడు నడుముకున్న షెడ్డు తాళంచెవి తీసి పిట్ట చేతిలో పెట్టింది. "నేను గడప తొక్కితే ఒట్టు" అంది.

అధికారి బూట్లు విప్పుతూ, అడగాలా వద్దా అన్నట్టు అడిగింది. "వినడమనే ఆలోచన మీకెలా వచ్చింది? దరఖాస్తులో ఏవో సముద్ర పరిశోధనల గురించి రాశారు."

పిట్ట చేతిలోని తాళంచెవిని అటూ ఇటూ తిప్పింది. "అవి తర్వాత చదివాను మేడమ్. చిన్నప్పుడు మా అత్త డ్యూటీనుంచి ఫోను చేసి, నేను నమిలే చప్పుడు వినేది. కీరా ముక్కకూ అన్నం ముద్దకూ తేడా ఫోనులోనే కనిపెట్టేది. చెవి పెడితే చాలు, తిన్నారో లేదో తెలుస్తుందని నేను అక్కడే నేర్చుకున్నాను. దరఖాస్తులో అలా రాస్తే నవ్వుతారేమోనని రాయలేదు."

అధికారి బూట్లు సంచీలో సర్దుకుంది. నర్సత్త మాత్రం తొట్టి దగ్గరికి వెళ్ళి, గుర్తొచ్చి రెండడుగులు వెనక్కి వేసి, గోడవైపు తిరిగి నిలబడింది. ఇన్నేళ్ళూ ఆ ఫోన్లు పిల్లను సతాయించడమేనని, పెద్దయ్యాక అది తనను తిట్టుకుని ఉంటుందని ఆవిడ లోలోపల అనుకునేది. ఆవిడకు ఏడుపొచ్చింది, సంతోషం కూడా వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేం.

కొత్త రొయ్యపిల్లలు దిగాయి. ఎడమ గిన్నె అల్లుడి చేతికి వెళ్ళింది. ఏ పని ఎందుకు చెయ్యాలో పిట్ట అతనికి కూర్చోబెట్టి చెప్పి, తిరిగి అప్పజెప్పించుకుంది. మధ్యాహ్నాలు ఇద్దరూ షెడ్డులోనే కాపలా. ఇంటినుంచి క్యారేజీ వెళుతుంది. అల్లుడు వచ్చి పట్టుకెళతాడు.

నర్సత్త ఒట్టు తప్పలేదు. కానీ ఇంట్లో ఏం తోస్తుంది? క్యారేజీ సర్ది పంపాక వంటింట్లో గిన్నెలు కడిగినవే కడిగేది. తర్వాత తిందాంలే అనుకునేది. ఆ తర్వాత తనొక్కదానికీ వడ్డించుకోబుద్ధయ్యేది కాదు. వాళ్ళిద్దరి పళ్ళేలూ ఆవిడ చూసుకోవడమే గానీ ఆవిడ పళ్ళెం చూసేవాళ్ళు ఆ వేళప్పుడు ఎవరూ లేరు. ఇంట్లో వాళ్ళకు ఆ సంగతి ఆవిడ చెప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఫోను మోగింది. షెడ్డునుంచి. "ఏమే, ఉప్పు తక్కువైందా?" అంది నర్సత్త. అటునుంచి కరకరా చప్పుడు వచ్చింది.

నర్సత్త ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. "అది కీరా" అంది. "ముందు ముద్ద తిను."

అటు ఒక చిన్న నవ్వు, మూత తీసిన చప్పుడు, ఆ తర్వాత మెత్తగా, నింపాదిగా నమిలే చప్పుడు. నర్సత్త కళ్ళు మూసుకుని విన్నది. వెనకాల తొట్లలో గాలి పంపుల బుడబుడ కూడా వినిపిస్తోంది. పిల్ల నిజంగానే తింటోంది. ఆపకుండా తింటోంది.

కొంతసేపటికి ఆ చప్పుడు ఆగింది.

"అత్తా."

"ఊఁ."

"అటువైపునుంచి నాకేమీ వినిపించడం లేదు. నువ్వు తిన్నావా?"

నర్సత్త పొయ్యి వంక చూసింది, బోర్లించి ఉన్న తన కంచం వంక చూసింది. తిన్నానని నోటిదాకా వచ్చింది. కానీ అవతల ఉన్నది ఎవరి చెవో ఆవిడకు గుర్తొచ్చింది. ఫోను భుజానికీ చెంపకూ మధ్య ఇరికించుకుని, కంచం తిప్పి, వడ్డించుకుని కూర్చుంది. పిట్ట అటువైపు పెట్టెయ్యకుండా వింటూనే ఉంది.